చెమట పట్టని పిల్లవాడు



వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని అడిగినప్పుడు ఎయిడ్స్ గురించో, ఓజోన్ పొర గురించో రాద్దామని మొదట అనుకున్నాం. వాటి మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము వర్ధన్నపేటలోని ఈ వసతి గృహంలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాం. ఇంటర్, డిగ్రీ వరంగల్‌లో చదివి ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ చేస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో మేమే మొదలు. ఈ చదువులో మాకు అన్నింటికంటే గట్టిగా తగిలిన పాఠం ఒకటి ఉంది. మీరు చూసి ఉండకపోవచ్చు గానీ, చూస్తే గుర్తుపట్టాలి. అందుకే ఇది రాస్తున్నాం.

మా వాడకట్టు పిల్లవాడు

మా ఊళ్లో, మా వాడకట్టులో మా ఈడు పిల్లవాడొకడు ఉండేవాడు. పేరు రాయడం బాగుండదు కనుక మిత్రుడు అనే అంటాం. ఒకటో తరగతిలో అతని నోట్లో రెండే పళ్లు. అవీ మేకుల్లా మొనదేలి ఉండేవి. తల మీద వెంట్రుకలు పల్చగా, ఎర్రగా ఉండేవి. కనుబొమలు దాదాపు లేవు. కళ్ల చుట్టూ చర్మం ముడతలు పడి నల్లగా కనిపించేది. నుదురు ముందుకు, ముక్కు దూలం లోపలికి, పెదవులు లావుగా, గదువ చిన్నగా. ఆరేళ్ల పిల్లవానికి అరవై ఏళ్ల ముఖం. అందరూ "ముసలోడా" అని పిలిచేవారు. మేమూ పిలిచాం.

సంక్రాంతికి సకినాలు పంచుకుంటే అతను వాటిని నీళ్లలో నానబెట్టుకుని తినేవాడు. అది చూసి నవ్వేవాళ్లం. ఎండాకాలం వచ్చిందంటే అతను బోరింగు దగ్గరే ఉండేవాడు. పీరియడుకు పీరియడుకు మధ్య పోయి అంగీ మొత్తం తడుపుకుని వచ్చి కూర్చునేవాడు. బెంచీ తడుస్తుందని, పుస్తకాలు తడుస్తాయని ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవారు కాదు.

నాలుగో తరగతిలో, ఒంటిపూట బడుల రోజుల్లో, తడిసిన అంగీతో తరగతిలోకి వచ్చినందుకు సారు అతన్ని ఎండలో నిలబెట్టారు. ఆ సారు చెడ్డవారు కారు. మాకు ఇరవై దాకా ఎక్కాలు నేర్పింది ఆయనే. పది నిమిషాల్లో అంగీ ఆరిపోయింది. అతని ముఖం ఎర్రగా కందింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. "చెమటనే పడ్తలేదు, వీనికేమైతది" అని కిటికీలోంచి చూస్తూ అన్నది మేమే. ఆ మాట ఇప్పటికీ మాకు గుర్తుంది. కొంతసేపటికి అతను పడిపోయాడు.

ప్రాణం పోలేదు. కానీ ఆ తర్వాత వాళ్ల అమ్మ అతన్ని బడికి పంపలేదు. మేము ఆరో తరగతికి ట్రంకు పెట్టె పట్టుకుని ఈ హాస్టలుకు వచ్చాం. అతను బర్ల వెంట పోయాడు.

పేరు తెలిసిన రోజు

పీజీలో మానవ జన్యుశాస్త్రం చెబుతూ మా మేడం ఒక రోజు తెర మీద ఒక ఫోటో వేశారు. ఏదో దేశపు తెల్ల పిల్లవాడు. కానీ అదే నుదురు, అదే ముక్కు, అవే పెదవులు, కళ్ల కింద అదే నలుపు. ఆ పిల్లవాడు మా మిత్రుడికి సొంత తమ్ముడిలా ఉన్నాడు. ఈ జబ్బు ఉన్న పిల్లలు తమ తోబుట్టువుల కంటే ఎక్కువగా ఒకరికొకరు పోలి ఉంటారని మేడం చెప్పారు. మేము నోట్సు రాయడం ఆపేశాం.

దాని పేరు హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్ప్లేసియా. పేరు చూసి భయపడకండి, విడదీస్తే సులువే. హైపోహైడ్రోటిక్ అంటే చెమట తక్కువ. ఎక్టోడెర్మ్ అంటే పిండంలోని బయటి పొర. మన తెలుగు పుస్తకాల్లో బహిస్త్వచం అంటారు. డిస్ప్లేసియా అంటే ఏర్పడడంలోనే లోపం. ఎక్టోడెర్మల్ డిస్ప్లేసియా అనేది ఒక పెద్ద కుటుంబం. అందులో వంద వరకు రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది ఇదే. అయినా అరుదే. 5 వేల మందికి ఒకరి నుంచి లక్షకు ఒకరి దాకా రకరకాల అంచనాలు పుస్తకాల్లో ఉన్నాయి.

పన్నుకూ చెమటకూ చుట్టరికం ఏమిటి?

మాకు మొదట వచ్చిన సందేహం ఇదే. పళ్లు గట్టివి, వెంట్రుకలు మెత్తవి, చెమట నీళ్లు. ఈ మూడూ ఒకేసారి ఎందుకు చెడిపోతాయి?

తల్లి గర్భంలో మూడో వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుందని పదో తరగతి దాటినవారు చదివే ఉంటారు. బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం. బయటి పొర నుంచి చర్మం పైభాగం, వెంట్రుకలు, గోళ్లు, చెమట గ్రంథులు, పన్ను మీది పింగాణి వస్తాయి. పన్ను ఎముక అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పుట్టుకలో చర్మానికి బంధువు. ఆరో వారం ప్రాంతంలో పిండం నోటి లోపలి పొర ఒక వరుసలో మందమై, అక్కడక్కడ కిందికి దిగుతుంది, చాలులో పడ్డ గింజలా. అక్కడ పన్ను మొలక కడుతుంది. వెంట్రుకా అంతే, చెమట గ్రంథీ అంతే. పై పొర మందమవ్వాలి, లోపలికి దిగాలి.

ఎక్కడ దిగాలో చెప్పడానికి ఒక సంకేతం కావాలి. ఆ సంకేతం ఈడీఏ అనే ప్రోటీను. దాన్ని ఉత్తరం అనుకుంటే, అందుకునే డబ్బా ఈడీఏఆర్ అనే మరో ప్రోటీను. డబ్బాలోంచి తీసి లోపలికి చేర్చే మనిషి ఈడీఏఆర్ఏడీడీ. ఉత్తరం రాయకపోయినా, డబ్బా పగిలినా, చేర్చేవాడు లేకపోయినా ఇంట్లోవాళ్లకు కబురు అందదు. అందుకే మూడింటిలో ఏ జన్యువు చెడినా ఫలితం దాదాపు ఒకేలా ఉంటుంది. ఈడీఏ జన్యువును 1996లో కనుగొన్నారు. మిగతా రెండూ ఆ తర్వాత ఐదేళ్లలో దొరికాయి. టాబీ అనే ఎలుకల జాతిలోనూ ఇదే లోపం ఉండడం శాస్త్రజ్ఞులకు బాగా పనికొచ్చింది.

ఇక ముఖం సంగతి. దవడలో పళ్లను పట్టి ఉంచే ఎముక గట్టు పళ్ల కోసమే పెరుగుతుంది. నాటు పెట్టని మడికి ఎవరూ గట్టు వేయరు కదా. పళ్లు లేకపోతే ఆ గట్టు సన్నగా, పొట్టిగా మిగిలిపోతుంది. ముక్కు కింది నుంచి గదువ దాకా ముఖం కుదించుకుపోయి, పెదవులు బయటికి తిరుగుతాయి. మా మిత్రుడికి ముసలి ముఖం వచ్చింది ఇలాగే. మామూలుగా పెద్దవాళ్లకు 32 పళ్లు వస్తాయి. ఈ జబ్బు ఉన్న మగపిల్లలకు శాశ్వత పళ్లు సగటున తొమ్మిది వస్తాయి. కొందరికి ఒక్కటీ రాదు. వచ్చినవీ ఆలస్యంగా, మొనదేలి వస్తాయి. చర్మం పల్చగా, పొడిగా ఉంటుంది. లాలాజలం, కన్నీరు తక్కువ. ముక్కులో పొక్కులు కడతాయి.

తెలివికి మాత్రం ఏ లోటూ ఉండదు. ఈ ముక్క గట్టిగా రాస్తున్నాం, ఎందుకంటే మా ఊళ్లో అందరూ అతన్ని మందబుద్ధి అనుకున్నారు. మూడో తరగతిలో మా అందరికంటే ముందు భాగహారం చేసింది అతనే.

పళ్లు, ఎముకలు అనగానే మన దగ్గర ఫ్లోరోసిస్ గుర్తుకొస్తుంది. నల్గొండ గోస అందరికీ తెలిసిందే. మన దేశంలో ఆ వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లాలో మొదట వర్ణించారు. అది నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చేది, పళ్లకు మరకలు పడతాయి గానీ పళ్లు పుట్టకుండా పోవు. నీళ్లు మారిస్తే కొత్త తరానికి రాదు. మనం చెప్పుకునేది నీళ్లతో వచ్చేది కాదు. ముఖం ఎముక, పన్ను, చర్మం మూడింటినీ తాకే ఇంకో జబ్బు కూడా ఉంది. దాన్ని సెగ్మెంటల్ ఒడొంటోమాగ్జిలరీ డిస్ప్లేసియా అంటారు. 1987లో మొదట వర్ణించారు. అందులో పై దవడ ఒక్క పక్కే ఉబ్బుతుంది, అటువైపు కొన్ని పళ్లు రావు, ఆ చెంప మీద చర్మం రంగు మారడమో, వెంట్రుకలు మొలవడమో ఉంటుంది. ఒంటి చెమటతో దానికి సంబంధం లేదు. అది ప్రాణం మీదికి తేదు. చెమట లేకపోవడం తెస్తుంది.

చెమట విలువ

మనిషి ఒంట్లో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులుంటాయి. చెమటను మనం కంపు అనుకుంటాం, కష్టం అనుకుంటాం. శరీరానికి అది రంజను. మట్టి రంజనులో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? సన్నని రంధ్రాల్లోంచి నీరు ఊరి, ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కాలరీల వేడి పోతుంది. స్టీలు బిందెలో నీళ్లు పెట్టి అదే ఎండలో ఉంచి చూడండి. మా మిత్రుడి ఒళ్లు స్టీలు బిందె.

చలికాలంలో పెద్ద ఇబ్బంది లేదు. ఒంటి వేడి 37 డిగ్రీలు, బయట 25 ఉంటే వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది. కానీ మే నెలలో వరంగల్‌లో 40 దాటినప్పుడు బయటి వేడే లోపలికి వస్తుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచే దారి చెమట ఒక్కటే. అది లేని పిల్లవానికి ఆటలో, బస్సులో, రేకుల ఇంట్లో నిముషాల మీద వేడి ఎక్కుతుంది. మూర్ఛలు రావచ్చు, మెదడు దెబ్బతినవచ్చు, చనిపోవచ్చు. అందరికంటే ప్రమాదం పాలు తాగే పిల్లలకు. వాళ్లు చెప్పలేరు, లేచి బోరింగు దగ్గరికి పోలేరు. పైగా జ్వరమని దుప్పటి కప్పుతాం.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఇది అంటురోగం జ్వరం కాదు. జ్వరంలో మెదడే వేడి పెంచుకుంటుంది, పారాసెటమాల్ ఆ మెదడుకు నచ్చజెబుతుంది. ఎండకు ఎక్కిన వేడిని పారాసెటమాల్ తగ్గించదు. నీళ్లు తగ్గిస్తాయి. తడిబట్ట, నీడ, ఫ్యాను, తాగడానికి చల్లని నీళ్లు. ఈ పిల్లలకు ఇన్‌ఫెక్షన్లు కూడా వస్తాయి కనుక వేడి దిగకపోతే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, కానీ ఒళ్లు తడుపుతూ పోవాలి.

మా మిత్రుడు బర్లు కాయడానికి పోవడం అతని ప్రాణానికి మంచిదే అయిందని ఇప్పుడు అనిపిస్తుంది. బర్రెకు కూడా ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు తక్కువ. అందుకే అది పొద్దెక్కగానే చెరువులోకి దిగి మెడ దాకా కూర్చుంటుంది. అతనూ దిగి కూర్చునేవాడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నీళ్లలో బర్ల తలల మధ్య అతని తల చూసి, మావాళ్లు సోమరితనం అనేవారు. ఏ వైద్యుడూ చెప్పని వైద్యం అతను తనకు తానే కనిపెట్టుకున్నాడు, బోరింగు దగ్గర ఒకసారి, చెరువులో ఒకసారి. మొదటిసారి మేము దాన్ని నేరం చేశాం.

సింధులో పళ్లు లేని మనుషులు

ఈ జబ్బు చరిత్రలో మన ఉపఖండానికి పెద్ద చోటుంది. 1848లో లండన్‌లో థర్నమ్ అనే వైద్యుడు చర్మం, వెంట్రుకలు, పళ్లు మూడూ లోపించిన ఇద్దరి గురించి రాశాడు. ఆ తర్వాత దీన్ని పట్టించుకున్నది ఎవరో కాదు, చార్లెస్ డార్విన్. పెంపుడు జంతువులు, మొక్కల వైవిధ్యం గురించి తాను రాసిన పుస్తకం 1875 నాటి రెండో ముద్రణలో సింధు ప్రాంతపు ఒక హిందూ కుటుంబాన్ని వర్ణించాడు. వెడర్‌బర్న్ అనే ఆయన ఆ సమాచారం అందించాడు. నాలుగు తరాల్లో పది మంది మగవాళ్లు. రెండు దవడల్లో కలిపి నాలుగు చిన్న ముందు పళ్లు, ఎనిమిది దంతాలు. ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, చిన్న వయసులోనే బట్టతల, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి బాధ.

డార్విన్ ఇంకొకటి గమనించాడు. ఆ ఇంటి ఆడపిల్లలకు ఈ లోపం లేదు, కానీ వాళ్ల కొడుకులకు వచ్చింది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. అప్పటికి ఎక్స్ క్రోమోజోము అంటే ఎవరికీ తెలియదు. మెండెల్ 1866లో అచ్చు వేసిన వ్యాసాన్ని లోకం 1900 దాకా పట్టించుకోలేదు. మోర్గాన్ ఈగ తెల్లకన్ను 1910 నాటి మాట. మేము పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన లింగసహలగ్నతను సింధులోని ఏదో ఊరి తల్లులు, కూతుళ్లు తమ అనుభవంలో ముందే చూశారన్నమాట.

1921లో కె.ఐ. థడానీ ఆ ప్రాంతపు అలాంటి కుటుంబం గురించే ఒక అమెరికా పత్రికలో రాశాడు. వాళ్లు హైదరాబాదు చుట్టుపక్కల ఉండేవారు. అది మన హైదరాబాదు కాదు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధు హైదరాబాదు. అక్కడివాళ్లు వాళ్లను "భూదా" అని పిలిచేవారు, బోసినోటివాళ్లు అని. అది చదివినప్పుడు మాకు మా "ముసలోడా" గుర్తుకొచ్చింది. మనుషులు ఎక్కడైనా జబ్బు కంటే ముందు వెక్కిరింపు పేరే పెడతారు. 1929లో వీచ్ అనే అమెరికా వైద్యుడు ఎక్టోడెర్మల్ డిస్ప్లేసియా అనే పేరు స్థిరపరిచాడు.

తల్లి నుంచి కొడుకుకు

ఈడీఏ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. కొడుకు తండ్రి దగ్గర వై తీసుకుంటాడు, తల్లి దగ్గర ఎక్స్ తీసుకుంటాడు. తల్లికి ఉన్న రెండింటిలో ఒకటి చెడిదైతే, ఆమె ప్రతి కాన్పులో కొడుకు పుడితే జబ్బు రావడానికి సగం అవకాశం, కూతురు పుడితే ఆమెకు వాహకురాలిగా ఉండడానికి సగం అవకాశం. ప్రతి కాన్పులో అంటే ప్రతి కాన్పులోనే. మొదటివాడికి వచ్చింది కనుక రెండోవాడికి రాదు అనుకోవడం తప్పు. గవ్వ ప్రతిసారీ కొత్తగానే పడుతుంది.

జబ్బు ఉన్న మగవాడు పెళ్లి చేసుకుంటే అతని కొడుకులకు రాదు. కూతుళ్లందరూ వాహకులే. డార్విన్ చూసింది సరిగ్గా ఇదే.

వాహకురాలైన స్త్రీలో పూర్తిగా ఏమీ కనిపించదని అనుకోవద్దు. 1961లో మేరీ లయన్ చెప్పినట్టు, ఆడవారి ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి పడుకుంటుంది. ఏది పడుకుంటుందో కణాన్ని బట్టి మారుతుంది. మూడు రంగుల పిల్లి చర్మం మీద మచ్చలు వచ్చేది ఇలాగే, అందుకే ఆ పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. వాహకురాలి వీపు మీద అయోడిన్ పూసి, పిండి చల్లి ఎండలో ఉంచితే చెమట పట్టిన చోట నల్లబడుతుంది, పట్టనిచోట తెల్ల చారలు మిగులుతాయి. ఒకటి రెండు పళ్లు లేకపోవడం, ముందు పన్ను మొనదేలి ఉండడం, ఒక రొమ్ములో పాలు సరిగా పడకపోవడం కూడా ఉండవచ్చు.

మన దగ్గర ప్రతి పుట్టుక లోపానికీ మేనరికమే కారణమంటారు. ఈడీఏ విషయంలో అది నిజం కాదు. బయటి సంబంధం చేసుకున్నా వస్తుంది. ముందు ఎవరికీ లేకుండా కొత్తగానూ జన్యువు చెడవచ్చు. కానీ ఈడీఏఆర్, ఈడీఏఆర్ఏడీడీ జన్యువుల వల్ల వచ్చే రకంలో సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు చెడు నకళ్లు కలవాలి. అక్కడ మేనమామ, మేనకోడలు పెళ్లిళ్లు ప్రమాదాన్ని పెంచుతాయి. ఆ రకంలో ఆడపిల్లలకూ జబ్బు అంతే తీవ్రంగా వస్తుంది. కనుక ఇంటి చరిత్ర అడగకుండా తీర్పు చెప్పకూడదు.

ఏం చెయ్యవచ్చు

పూర్తిగా నయం చేసే మందు పుట్టిన తర్వాత లేదు. పుట్టకముందు అనే మాట మాత్రం కొత్తగా వచ్చింది. 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ నగర వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. కవల మగపిల్లలు, మరో తల్లి కడుపులోని ఇంకో మగపిల్లవాడు, ముగ్గురికీ ఈ జబ్బు ఉందని తేలింది. 26వ వారం ప్రాంతంలో ఉమ్మనీటిలోకి ఈడీఏ లాంటి ప్రోటీనును ఎక్కించారు. పుట్టాక ముగ్గురికీ చెమట పట్టింది. రాయని ఉత్తరాన్ని బయటి నుంచి తెచ్చి డబ్బాలో వేశారన్నమాట. గ్రంథులు ఏర్పడే కాలంలోనే వేయాలి, తర్వాత వేస్తే చదివేవారు ఉండరు. ఇది ఇంకా పరీక్షల దశలోదే, అందరికీ దొరికేది కాదు.

దొరికేది పళ్ల సెట్టు. చిన్నపిల్లలకు పళ్ల సెట్టు ఏమిటని నవ్వవద్దు. రెండు మూడేళ్ల వయసు నుంచే పెట్టవచ్చు. దవడ పెరిగేకొద్దీ మార్చాలి. దానితో నమలడం, పలకడం వస్తాయి, ముఖం నిండుతుంది. స్క్రూల మీద బిగించే ఇంప్లాంట్లు ఎక్కువగా ఎదుగుదల ఆగాక వేస్తారు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. జన్యు పరీక్ష, సలహా కోసం నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీని, నిమ్స్‌ను కలిపి అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా గుర్తించారు. మన దగ్గర మొదటి మెట్టు ఎంజీఎం. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే బృందాలు 2013 నుంచి ఉన్నాయి. వాళ్లకు చూపించి చిట్టీ రాయించుకుంటే పెద్దాసుపత్రిలో తిరగడం కొంత తగ్గుతుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు లేదు. మాకు అది న్యాయంగా అనిపించదు.

పద్నాలుగు, పదిహేను నెలలు దాటినా ఒక్క పన్నూ రాని బిడ్డ, ఎండాకాలంలో మాటిమాటికీ కారణం లేని జ్వరం, ఒంటికి చెమట లేదు, జుట్టు పల్చన. ఇవన్నీ కలిసి కనిపిస్తే అనుమానించాలి. ఉత్త పళ్లు ఆలస్యమైతే భయపడనక్కర లేదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ ఆలస్యమవుతాయి. థైరాయిడ్ లోపం వల్లా కావచ్చు. తమ్ముళ్లారా, మీ గదిలోనో తరగతిలోనో అలాంటివాడు ఉంటే అతన్ని కిటికీ పక్కన, ఫ్యాను కింద పడుకోనివ్వండి. మధ్యాహ్నం ఆటలకు లాగకండి. అంగీ తడుపుకుంటే తడుపుకోనివ్వండి.

మళ్లీ మా ఊరు

పోయిన ఉగాదికి మేము ఇంటికి పోయినప్పుడు ఫోటో ఉన్న ఆ పేజీని జిరాక్స్ తీసి పట్టుకుపోయాం. మిత్రుడు గొడ్లపాక ముందు కూర్చుని ఉన్నాడు. చాలాసేపు చూశాడు.

"వీడెవడు, అచ్చం నా లెక్కనే ఉన్నడు?"

చెప్పాం. జబ్బు పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగో తరగతి నాటి ఎండ గురించి కూడా చెప్పి, మేము అన్న మాట ఒప్పుకున్నాం. అతను దాని గురించి ఏమీ అనలేదు. ఫోటో మీద వేలు పెట్టి, "ఈ పిలగాడు బడికి పోతుండా?" అని అడిగాడు. ఆ పేజీలో అది రాసి లేదు.

అప్పుడే వాళ్ల అక్క కాన్పుకని వచ్చి ఏడాది దాటినా ఇంకా తల్లిగారింటనే ఉందని తెలిసింది. కొడుకుకు పదమూడో నెల. ఒక్క పన్నూ లేదు. పుట్టిన ఎండాకాలమంతా జ్వరాలు, ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు. వానలు పడగానే జ్వరాలు ఆగిపోయాయి. అక్క నవ్వినప్పుడు చూశాం, ముందు పన్ను ఒకటి మొనదేలి ఉంది. చిన్నమ్మ, అంటే మా మిత్రుడి తల్లి, ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది. అది సిగ్గనుకునేవాళ్లం. ఆమెకు పై వరుసలో రెండు పళ్లు పుట్టుకతోనే లేవు. ఆమె తోడబుట్టిన తమ్ముడొకడు పాలు తాగే వయసులో ఎండాకాలంలో "జరమొచ్చి" పోయాడట.

మంచం మీద కూర్చుని, క్లాసులో గీసినట్టే చతురస్రాలు, వృత్తాలు గీశాం. అమ్మమ్మ, చిన్నమ్మ, పోయిన తమ్ముడు, అక్క, మిత్రుడు, ఒళ్లోని బిడ్డ. చిన్నమ్మకు చదువు రాదు గానీ గీతలు ఎటు పోతున్నాయో అర్థమైంది. "గిదంత నా తోనే వచ్చిందా బిడ్డా?" అంది. నీకు మీ అమ్మ ఇచ్చింది, ఆమెకు ఇంకెవరో ఇచ్చారు, నీ నల్లకళ్లు వచ్చినట్టే ఇదీ వచ్చింది, ఎవరూ ఏరి ఇవ్వలేదు చిన్నమ్మా అన్నాం. ఆమె ఎంతవరకు నమ్మిందో మాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆమెతో వేరేది చెప్పింది.

బిడ్డను ఎంజీఎంలో చూపించి, వాళ్లు రాసిచ్చిన కాగితంతో హైదరాబాదు తీసుకుపోయారు. మిత్రుడే వెంట వెళ్లాడు, పొద్దుటి బస్సుకు, నీళ్ల సీసాలు రెండు, తడిపిన తువ్వాల పట్టుకుని. దంతాల ఎక్స్‌రేలో పై దవడలో రెండు మొలకలు, కింద ఏమీ లేవని తేలింది. తల్లీబిడ్డల రక్తం జన్యు పరీక్షకు ఇచ్చారు, రిపోర్టు ఇంకా రాలేదు. పళ్ల సెట్టు కొలతకు మూడో ఏడు నిండాక రమ్మన్నారు. మిత్రుడు కూడా తన దవడ చూపించుకుని వచ్చాడు. ఈ ఎండాకాలం బిడ్డ మంచాన్ని వాళ్లు రేకుల ఇంట్లోంచి వేపచెట్టు కిందికి మార్చారు.